తోక తెగిన దెబ్బ

ఇబాదాన్ ఊళ్లో పాడలేని మనిషి దొరకడు. పాడినదాన్ని శుభ్రంగా పట్టి ఇచ్చే మనిషి దొరకడమే కష్టం. మొకొలా పేట దిగువన టైర్ల కొట్టు పక్క సందులో, పెరటివైపున్న అబేని గదికి అందుకే అంత పేరు. పెళ్లిళ్లలో పాడేవాళ్లు, చర్చి బృందాలు, ఎన్నికలొస్తే అభ్యర్థుల మీద పొగడ్తలు కట్టేవాళ్లు అందరూ ఆ సందులోకే వచ్చేవారు. రికార్డింగ్ మొదలయ్యే ముందు ఆవిడ ఫ్యాను ఆపేది, ఫ్రిజ్ ఆపేది, పక్కింటి మేకని కూడా దూరంగా కట్టించేది. "అబేని గదిలోకి ఈగైనా చెప్పులు విప్పి రావాలి" అని బయట బల్ల మీద కూర్చున్న పాటగాళ్లు నవ్వుకునేవారు. ఆవిడకి ఆ మాట తెలుసు. తెలిసీ ఏమీ అనేది కాదు, ఎందుకంటే అది నిజమే.

ఆవిడ ఆ ఇంటికి ఇరవై నాలుగేళ్ల కిందట రెండో భార్యగా వచ్చింది. భర్త అయాన్‌దిరాన్ డోలు వాయించే వంశంవాడు. పేరు ముందు 'అయాన్' ఉందంటే ఆ మనిషి డోలుతో పుట్టాడని అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ డోలు ఉత్త తాళం వెయ్యదు, మాట్లాడుతుంది. చంకలో ఇరికించుకుని, పక్కన తాళ్లని నొక్కుతూ వదులుతూ కొంకికర్రతో కొడితే, ఆ భాషలోని మాటల ఎత్తుపల్లాలన్నీ తోలు మీద పలుకుతాయి. అయాన్‌దిరాన్ సందు మొగలో ఉండగానే "అబేని, నీళ్లు పెట్టు" అని డోలుతో చెప్పేవాడు. ఈవిడ నిద్రలో ఉన్నా లేచి పొయ్యి వెలిగించేది.

పెద్ద భార్య అడున్ని. నలుగురు బిడ్డల తల్లి, బొడిజా బజారులో పెండలం పిండి వ్యాపారం. ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. అబేనికి పిల్లల్లేరు. ఆ సంగతి అడున్ని ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నోటితో అనలేదు, కానీ కూర పంచేటప్పుడు గరిటెతో అనేది. అబేని కోపం వచ్చినప్పుడల్లా తన రికార్డింగ్ గదిలోకి వెళ్లి తలుపు మూసుకునేది. ఆ తలుపు మంచి తలుపు, రెండు వరసల గోనె కొట్టినది. లోపలినుంచి వినిపించేది కాదు, బయటినుంచీ వినిపించేది కాదు.

కరోనా వచ్చిన ఏడు అయాన్‌దిరాన్ పోయాడు. సాయంత్రం వాకిట్లో కుర్చీలోంచి లేవబోయి పడిపోయాడు, అంతే. అరవై ఏడేళ్లు. అధికారులు మర్నాడే పాతిపెట్టమన్నారు, ఎనిమిది మందికంటే ఎక్కువ రాకూడదన్నారు, డోలు మోగకూడదన్నారు. ఆ ఊళ్లో ముసలి దర్జీ పోయినా డోలు మోగుతుంది. పోయినవాడి బిరుదులన్నీ చెప్పి, చివర 'ఇక వెళ్ళు' అని డోలే పంపాలి. పంపకపోతే మనిషి గడప మీదే నిలబడిపోతాడంటారు, ఇటూ కాదు అటూ కాదు. ఊళ్లో సగం మందిని అలా సాగనంపినవాడికి ఆ మాట చెప్పే డోలు లేకుండా పోయింది.

అడున్ని నేలమీద పడి దొర్లి ఏడ్చింది. ఏడుపులోనూ పెద్దరికం ఆవిడదే. అబేని ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. తిమ్మిరెక్కిన కాలు మీద సూది గుచ్చినా తెలియదు చూడండి, ఆవిడకి మనసంతా అలాగే అయింది. తినేది, నిద్రపోయేది, వచ్చినవాళ్ల పాటలు పట్టేది, మైకుల మీద దుమ్ము తుడిచేది. భర్త చొక్కాలు మడతపెట్టి దానమిచ్చేటప్పుడు కూడా ఎవరివో చొక్కాలు మడతపెట్టినట్టే ఉంది. చుట్టుపక్కలవాళ్లు రాతిగుండె అన్నారు. అననిచ్చింది.

సంవత్సరీకానికి నెలన్నర ముందు, ఒక పొద్దున అడున్ని అబేని గది తలుపు కొట్టింది. ఆ గదిలో అడుగుపెట్టక పదిహేనేళ్లయి ఉంటుంది.

"ఏమే, ఈ పెట్టె పనిచేస్తోందా?" అంది కంప్యూటర్ వంక గడ్డం చూపిస్తూ.

"చేస్తోందక్కా."

"ఆయన్ని మూగగా పంపాం. మనం పంపాం అనుకుంటున్నాం గాని ఆయన వెళ్ళలేదు. నాకు తెలుస్తోంది. పొద్దున్నే వాకిలి ఊడుస్తుంటే చీపురుకి అడ్డమొస్తున్నట్టుంటోంది."

అబేని మైకు మీద దుమ్ము తుడిచింది. తనకేమీ అడ్డం రావడం లేదు.

"పెద్దాయన వస్తున్నాడు, కంటాసుపత్రికి. పంపే మాట ఆయన చెప్పాలి, ఆయనకంటే పెద్ద లేడు. కానీ చెయ్యి వణుకుతోందట. జనం ముందు వాయించనంటున్నాడు. నీ పెట్టెలో పట్టు. సంవత్సరీకం నాడు మైకులో వేద్దాం."

"సరే అక్కా."

"సరే అనడం కాదు. శుభ్రంగా రావాలి. ఆ ముందు వరసలో అయాన్ ముసలాళ్లందరూ కూర్చుంటారు. ఒక్క మాట అటూ ఇటూ అయితే నా పరువూ ఆయన దారీ రెండూ పోతాయి."

పెద్దాయనంటే అయాన్‌దిరాన్ అన్నగారు అయాన్‌లెరె, ఒగ్బొమొషోలో ఉంటాడు. ఎనభై ఒకటి. కాళ్లు పడిపోయినా నోరు పడిపోలేదు. మనవడి భుజం పట్టుకుని గదిలోకొచ్చి, గోడలకి వేలాడుతున్న పాత పరుపులు చూసి, "ఏంటే మరదలా, ఇంతమందిని పడుకోబెడుతున్నావా ఇక్కడ?" అన్నాడు.

"చప్పుడు రాకుండా బావగారూ."

"చప్పుడు రాకుండా డోలు వాయించాలన్నమాట. బాగుంది."

వెనక వాయించే చిన్న డోళ్లని అడున్ని పెద్దకొడుకు దపొ ముందు రోజే వాయించి వెళ్ళాడు. ఇప్పుడు పెద్దాయన హెడ్‌ఫోన్‌లో అది వింటూ, దాని మీద తల్లి డోలుతో, అంటే మాట పలికే పెద్ద డోలుతో, మాట చెప్పాలి. నాలుగు దెబ్బలు కొట్టి ఆపేశాడు.

"ఎవడే వీడు?"

"ఎవరు బావగారూ?"

"నా వెనకాల ఎవడో ఉన్నాడు. నేనొక మాట అంటే, నేను నోరు మూసుకునేలోగా వాడూ అదే మాట అంటున్నాడు. మా వాళ్లలో తల్లి డోలుని ఎవడైనా ఇలా వెక్కిరిస్తే కర్ర విరగ్గొట్టి చేతికిస్తాం."

ఎవరూ లేరు, అది ఆయన డోలే. దెబ్బ మైకులోంచి కంప్యూటర్‌లోకి వెళ్లి, అక్కడ లెక్కలన్నీ పూర్తిచేసుకుని తిరిగి చెవికి వచ్చేసరికి రెప్పపాటులో సగం ఆలస్యమవుతోంది. మామూలు పాటగాడికి అది తెలియదు, తెలిసినా సర్దుకుంటాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులోనే అర్థం ఉండేవాడికి అది నరకం. అబేని ముందు తీగలేని హెడ్‌ఫోన్ తీసేసి తీగ ఉన్నది పెట్టింది. శబ్దాన్ని ఎంతెంత ముద్దలుగా తీసుకోవాలో చెప్పే బఫర్‌ని సగానికి తగ్గించింది, మళ్లీ సగానికి తగ్గించింది. అప్పుడు చెవిలో పేలాలు వేగినట్టు చిటపటలు మొదలయ్యాయి. కంప్యూటర్‌కి ఊపిరాడటం లేదు మరి. నెట్ ఆపింది, మిగతా కిటికీలన్నీ మూసింది, బఫర్ ఒక మెట్టు పెంచింది. చివరికి మైకు తీగ దూర్చే చిన్న డబ్బా మీద ఒక మీట తిప్పింది. ఇక ఆయన దెబ్బ కంప్యూటర్ దాకా వెళ్లి రాకుండా దారిలోనే తిన్నగా చెవికి మళ్లుతుంది.

"ఆఁ, పోయాడు" అన్నాడు పెద్దాయన. "భయపడ్డాడు వెధవ."

ఛార్జర్ తీసేసి లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడిపితే, అడుగున గుయ్యిమంటున్న మోత కూడా ఆగింది. పక్కింటి జనరేటర్ మాత్రం ఆగలేదు. "ఫ్రిజ్‌లో చేపలున్నాయత్తా, నీ పాట కోసం నా చేపలు కుళ్లబెట్టుకోమంటావా?" అన్నాడు పక్కింటివాడు గోడ మీంచి. 'పక్కవాడికంటే నేనే మేలు' అని ఊరంతా ముద్దుగా పిలుచుకునే ఆ చిన్న జనరేటర్లు చేసే గోల ఇంతా అంతా కాదు. సరే, తర్వాత తీసెయ్యొచ్చులే అనుకుంది.

ఆయన వాయించాడు. తమ్ముడి బిరుదులు, తాతముత్తాతల పేర్లు, తోలుకి మాట నేర్పినవాడా, పెళ్లికూతుళ్లని నడిపించినవాడా. ప్రతి చరణం చివరా పంపే మాట. వాళ్ల భాషలో అది 'మాఆ లో'. ఇక వెళ్ళు, సాగిపో అని. 'మా' దగ్గర ఒక్క దెబ్బ కొట్టి, మళ్లీ కొట్టకుండా తాళ్ల మీద చెయ్యి కొద్దిగా వదలాలి. స్వరం మెల్లగా కిందికి జారుతుంది. ఆ జారుడే రెండో 'ఆ'. దెబ్బకి అది తోక లాంటిది, వినీ వినపడకుండా ఉంటుంది.

ఏడుసార్లు చెప్పాడు ఆ మాట. ఏడోసారి చెయ్యి వణికింది, కానీ తోక నిలబెట్టాడు. కర్ర కింద పెట్టి కొంగు లాంటి తన పొడుగు చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

"ఆ చివరి జారుడు నీ మైకుకి అందిందా పిల్లా?"

"చీమ నడిచినా అందుతుంది బావగారూ. మీరేం బెంగ పెట్టుకోకండి."

"బెంగ నాక్కాదు, వాడికి" అన్నాడాయన. "నువ్వు ఏడవలేదటగా?"

"లేదు."

"ఊఁ" అని మనవడి భుజం కోసం చెయ్యి చాపాడు.

తర్వాత మూడు వారాలు అబేని ఆ రికార్డింగ్‌ని కడిగింది. అవును, కడిగింది అనే అనాలి. జనరేటర్ మోత తీసింది. కోడి కూత తీసింది. పెద్దాయన ఊపిరి, మోకాలి చప్పుడు, డోలు అంచున గజ్జెలు ఊరికే కదిలిన చోట్లు అన్నీ తీసింది. దానికి ఒక పనిముట్టు ఉంది, దాన్ని గేటు అంటారు. పేరుకు తగ్గదే. ఇంతకంటే చిన్న చప్పుడైతే గేటు మూసుకో అని చెబితే మూసుకుంటుంది, మోత లోపలికి రాదు. అబేని ఆ గేటుని రోజుకింత బిగించుకుంటూ పోయింది. తెర మీద దెబ్బల బొమ్మ కనిపిస్తుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య గీత సన్నగా, సూదిలో దారం పట్టేలా తిన్నగా వచ్చేదాకా వదల్లేదు.

పనిమంతురాలు చేసిన తప్పు ఇదే. ఆ మూడు వారాలూ ఆవిడ చెవితో కాదు, కంటితో పనిచేసింది. నలభైసార్లు విన్నానని తర్వాత చెప్పింది. వినే ఉంటుంది. వినడం వేరు, వినపడడం వేరు. డోలు మాటని నిద్రలో పోల్చుకునే మనిషి అది. కానీ ఆ ఏడాదిగా ఆవిడకి ఏ మాటా లోపలికి దిగడం లేదు. గేటు ఒక్క కంప్యూటర్‌లోనే లేదు మరి.

సంవత్సరీకం శనివారం వచ్చింది. సందు రెండువైపులా మూసి పందిళ్లు వేశారు. అందరికీ ఒకే వంకాయరంగు గుడ్డ. చర్చి ప్రార్థన అయ్యాక వీధిలో కుర్చీలు నిండాయి. ముందు వరసలో అయాన్ ముసలాళ్లు తొమ్మిది మంది, పంపే మాట పెద్దాయనదే కాబట్టి ఎవరి ఒళ్లోనూ డోలు లేదు. ఒగ్బొమొషో నుంచి మళ్లీ ప్రయాణం చెయ్యలేక పెద్దాయన రాలేదు. పెద్ద భార్యగా అడున్ని వాళ్ల పక్కనే కూర్చుంది. మైకుసెట్టు దగ్గర లాప్‌టాప్‌తో అబేని.

మొదలుపెట్టింది. ఎంత శుభ్రంగా ఉందంటే, పెద్దాయన వచ్చి పందిట్లోనే వాయిస్తున్నాడా అని వెనకవాళ్లు లేచి చూశారు. బిరుదులు వినిపిస్తుంటే ముసలాళ్లు తలలూపారు. ఒకాయన నవ్వాడు కూడా. మొదటి చరణం ముగిసింది, పంపే మాట వచ్చింది.

తలలు ఆగిపోయాయి.

రెండో చరణం. మళ్లీ ఆ మాట. ముసలాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వీధి వీధంతా మెల్లగా నిశ్శబ్దమైపోతోంటే, స్పీకరేదో ఆగిపోయిందనుకుని అబేని వంగి తీగలు తడుముకుంది. అన్నీ బాగానే ఉన్నాయి. మూడో చరణం. నీలం టోపీ పెట్టుకున్న ముసలాయన సగం లేచి అడున్ని వంక చూశాడు. ఆపమని చెప్పాల్సింది ఆవిడే. ఆవిడ తల వంచుకుని కూర్చుంది. నాలుగో చరణం దగ్గర అబేని తీగలు వదిలి నిటారుగా నిలబడింది, అప్పుడు వినపడింది.

'మా లో.'

తోక తెగిపోయింది. ఆ జారుడు మరీ చిన్న చప్పుడు కదా, గేటు దాన్ని కూడా మోతే అనుకుని బయటే ఉంచేసింది. తోక ఉంటే ఇక వెళ్ళు అని. తోక లేకపోతే ఉత్త 'మా లో'. అంటే, వెళ్ళకు.

పోయిన ఏడాది తర్వాత మనిషిని పంపడానికి వీధినంతా పిలిచి, నాలుగు స్పీకర్లు పెట్టి, వెళ్ళకు, వెళ్ళకు అని ఏడుసార్లు చెప్పించింది. ఏడూ అయ్యేదాకా అబేని చెయ్యి కదల్లేదు.

"ఎవరు చేశారిది?" నీలం టోపీ ఆయన పూర్తిగా లేచి నిలబడ్డాడు. "పోయినవాణ్ణి పొమ్మనాలి గాని కాళ్లు పట్టుకుంటారా? ఇంతమంది ముందు?"

"పెట్టె తప్పు తాతా, పెట్టెది" అన్నాడు దపొ అడ్డంపడి.

"పెట్టెకి నోరుందిరా? నోరు ఈవిడది! అసలుది ఉందా లేదా? ఉంటే ఇప్పుడే వెయ్యండి. ఈ మాట గాల్లో ఇలాగే ఉండకూడదు."

అసలుది ఉంది. ఆ మాత్రం జాగ్రత్త అబేనికి ఎప్పుడూ ఉంటుంది. కడగనిది, మోతతో, కోడికూతతో అలాగే దాచింది. తెరిచింది. ఇక ఒక్క మీట నొక్కితే చాలు. వేలు మీట మీద పెట్టింది, నొక్కలేకపోయింది. ఇది నొక్కితే ఆయన వెళ్లిపోతాడని, అప్పటిదాకా వెళ్ళలేదని ఆవిడకి ఆ క్షణంలో తెలిసింది. బాధ వేసింది. ఒంట్లో ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించగలిగేంత బాధ. ఏడాదిపాటు ఎక్కడుందో గాని, అంతా ఒకేసారి వచ్చింది.

"నా వల్ల కాదు" అంది, ఎవరితోనో.

అడున్ని కుర్చీలోంచి లేచింది. వంకాయరంగు గుడ్డ సర్దుకుంటూ పందిరి మధ్యలోంచి నడిచి వచ్చింది. ఇక చెంప పగిలిందే అనుకున్నారు చూసేవాళ్లు.

"తప్పుకో. ఏ మీట నొక్కాలి?"

అబేని చూపించింది. అడున్ని వేలు చాపింది. పిండి తూచి తూచి కాయలు కాసిన వేలు. మీట మీద అలాగే ఉంచి, చాలాసేపు నొక్కలేదు.

"ఒసేయ్" అంది చివరికి, అబేనికి తప్ప ఎవరికీ వినపడకుండా. "ముందరిదే ఇంకొక్కసారి పెట్టు."

"అక్కా..."

"మొదటిసారే తెలిసింది నాకు, తప్పు పలుకుతోందని. ఆపాల్సింది నేనే. ఆపబుద్ధి కాలేదే. ఒక్కసారి. తర్వాత నేనే పంపిస్తాను, ఒట్టు."

అబేని పెట్టింది. వెళ్ళకు అంది డోలు, వీధి పొడుగునా. ముసలాళ్లు అరిచారు, పాస్టరు బైబిలు ఎత్తాడు, దపొ పరిగెత్తుకుంటూ వచ్చి తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి పక్కన ఒకరు నిలబడి విన్నారు. అడున్ని పెదవులు డోలుతో పాటు కదులుతున్నాయి. ఒక్కసారి అయ్యాక, "చాలు" అని కళ్లు తుడుచుకుని, ఆవిడే మీట నొక్కింది.

జనరేటర్ మోత వచ్చింది ముందు. తర్వాత పెద్దాయన గొంతు సవరించుకోవడం, ఆ తర్వాత డోలు. ఏ చరణానికా చరణం చివర ఆ దెబ్బ పడి, మెల్లగా కిందికి జారి, 'మాఆ లో' అని పూర్తిగా పలికింది. ముసలాళ్లు కూర్చున్నారు. ఏడోసారి కూడా అయిపోయింది.

"వెళ్ళాడు" అంది అడున్ని.

అబేని తలూపింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా తెలియలేదు.

"ఇరవై నాలుగేళ్లు నీతో పోట్లాడ్డానికి ఆయనొక వంక నాకు" అంది అడున్ని, అటువైపు తిరిగి. "ఇప్పుడింక దేనికి పోట్లాడుకోవాలే మనం?"